స్కానుకు అందని పొడి

ఎమ్మారై రిపోర్టు కవరును డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా విప్పకుండా ఉంచిన మనిషిని నేనింతవరకూ చూళ్లేదండీ. మీరు చూశారా? సెంటరు మెట్లు దిగేలోపే విప్పేస్తాం. పదాల్లో సగం అర్థం కాదు, అర్థమైన సగంతోనే గుండె జారిపోతుంది.

మా చిన్నత్తకి అదే జరిగింది. తెల్లవారుజామున మంచం మీద కుడిపక్కకి ఒత్తిగిల్లిందిట, గది గిర్రున తిరిగింది. అర నిమిషంలో తగ్గింది గానీ వెనకాలే వాంతి. మామయ్య పైత్యమన్నాడు. పక్కింటావిడ మెడ నరం నొక్కుకుందన్నది. అమెరికాలో ఉన్న కొడుకు స్కాన్ తీయించమన్నాడు, తీయించారు. సాయంత్రం నాకు ఫోను: "ఒరేయ్, నా మెదడు ఎండిపోతోందిటరా!"

రిపోర్టు చూస్తే, ఉన్నదల్లా వయసుకు తగ్గ అట్రోఫీ (అంటే మెదడు కాస్త కుంచించుకోవడం), వైట్ మ్యాటర్‌లో అక్కడక్కడ తెల్లమచ్చలు, సైనస్‌లో కాస్త వాపు. చూడండీ, రేడియాలజిస్టు ఊరు కొలవడానికొచ్చిన సర్వేయరు లాంటివాడు. గోడ బీటలూ, పాడుబడ్డ బావీ, అన్నీ పటంలోకి ఎక్కిస్తాడు. తగువు ఏ గట్టు మీదన్నది ఆయన తేల్చడు. అందుకే చివర్న "క్లినికల్ కోరిలేషన్" చూసుకోమని రాసి చేతులు దులుపుకుంటాడు. ఆ తెల్లమచ్చలు అరవై దాటినవాళ్లలో చాలామందికి కనిపిస్తాయి. సన్న రక్తనాళాల మీద వయసూ, బీపీ, షుగరూ వేసే ముద్రలవి. ఫజేకాస్ అని 1987 నుంచి వాడుకలో ఉన్న కొలతలో సున్నా నుంచి మూడు దాకా లెక్కేస్తారు. చిన్నత్తది ఒకటి. బీపీ మాత్ర మానొద్దని చెప్పడానికి పనికొస్తాయే గానీ, గది తిరగడానికి అవి కారణం కాదు.

అసలు స్కాన్ తీయించింది వేరే లైను కోసం. కొత్తగా ఇన్‌ఫార్క్ట్ లేదు, డిఫ్యూజన్ రెస్ట్రిక్షన్ లేదు (అంటే కొత్త పక్షవాతం జాడ లేదన్నమాట), చిన్నమెదడూ మెదడు కాండమూ మామూలుగానే ఉన్నాయి. ఇంత మంచి కబురుని ఎవరూ బయటికి చదవరు!

మరి తిరిగిందెందుకూ అంటే, చెవి లోపల కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలుంటాయి, మైక్రాన్లలో కొలవాల్సినంత చిన్నవి. అవి ఉండాల్సిన చోటు వదిలి అర్ధవృత్తాకారపు గొట్టంలోకి జారితే, తల తిప్పినప్పుడల్లా లోకం తిరుగుతుంది. ఈ పొడి ఎమ్మారైకి కనబడదు. కనిపెట్టాలంటే తల నలభై అయిదు డిగ్రీలు పక్కకి తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కళ్లలోకి చూడాలి. కనుగుడ్లు గిరగిరా కొట్టుకుంటే దొంగ దొరికినట్టే. 1952లో డిక్స్, హాల్‌పైక్ వివరించిన పరీక్ష ఇది. పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత ఎప్లీ పద్ధతిలో తలని ఒక్కో వైపుకీ తిప్పుతూ ఆ పొడిని వెనక్కి పంపిస్తారు. చిన్నత్తకి అయిదారు నిమిషాలు పట్టింది. అదే బల్ల మీద లేచి కూర్చుని కాఫీ అడిగింది.

ఈ చెవి విద్యకి ఆద్యుడు రాబర్ట్ బరానీ. 1914 నోబెల్ బహుమతి ఆయనదేనని తెలిసేటప్పటికి రష్యావాళ్ల యుద్ధఖైదీగా ఉన్నాడు పాపం.

ఇదంతా విని ప్రతి తిరుగుడూ చెవిదేనని పడుకోకండి. మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనబడినా, మూతి వంకరపోయినా, నిలబడలేకపోయినా, హఠాత్తుగా చెవి వినబడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి. అక్కడ సీటీ బాగుందన్నారని ఊరుకోకూడదు. చిన్నమెదడు ప్రాంతంలో పక్షవాతం అందులో తరచూ దొరకదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎమ్మారై కూడా చిన్నవాటిని వదిలేయొచ్చు. అందుకే మంచి డాక్టరు ఫిల్ముతో పాటు మీ కళ్లూ, నడకా చూస్తాడు.

అన్నట్టు, వెళ్లేటప్పుడు ఎంతసేపు తిరిగిందో, ఏ పక్కకి ఒత్తిగిల్లితే తిరిగిందో చీటీ మీద రాసుకెళ్లండి. మా డాక్టరుగారు మొదట అడిగింది అదే. చిన్నత్త నోరు తెరిచేలోపే మామయ్య అందుకుని, "అన్నీ ఫైల్లో ఉన్నాయండీ" అన్నాడు.