పూడిక తీసిన బావి

గుమ్మఘట్ట ప్రాంతమున నీటి విలువ నెఱుగని బాలుడు లేడు. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనము నడ్డగించుట చేతను, తూర్పు సముద్రము దూరమగుట వలన ఈశాన్య ఋతుపవనము చాలినంతగా చేరకుండుట చేతను, అనంతపురము జిల్లాకు సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే లభించుచున్నది. వేదవతీ నదికి అడ్డముగా భైరవానితిప్ప ఆనకట్ట యున్నను, నదిలో నీరు రానిదే జలాశయ మేమి చేయగలదు? ఈ సంగతులను భూగోళ పాఠమున పగలు పిల్లలకు బోధించుచు, రాత్రి మాత్రము మేము వేఱొక కారణమును నమ్ముచుంటిమి. మా పాపము చేతనే యీ సీమకు వానలు లేవని మా నమ్మకము. ఆ పాపమేదో యిచ్చట దాచక చెప్పుదుము. మేము కొన్ని సంవత్సరములు మద్యమునకు దాసులమై యుంటిమి.

ఉపాధ్యాయ శిక్షణ ముగించి పనిలో చేరిన క్రొత్తలో స్నేహితుల బలవంతమున మొదలైనది, కొలది యేండ్లకే యెవరి బలవంతమును లేకుండ సాగెను. ఆదివారపు బడిలో పాఠము చెప్పిన నోటితోనే సాయంకాలము త్రాగుచుంటిమి. అర్ధరాత్రమున లేచి, ఇక త్రాగమని ప్రమాణము చేసి, మా బైబిలు చివరి తెల్ల కాగితముపై తేదీ వేయుచుంటిమి. ఒకటి కొట్టివేసి మఱియొకటి వ్రాయగా తొమ్మిది తేదీలయ్యెను. త్రాగినందుకు సిగ్గు, ఆ సిగ్గును మఱచుటకు మరల త్రాగుడు. ప్రభు భోజనపు ఆదివారము వచ్చినచో తలనొప్పి యని యింటనే యుండెడివారము. అట్లు కుములుటనే పశ్చాత్తాప మనుకొంటిమి. నిజమునకు అది దాగుకొనుట మాత్రమే.

ఒక సంవత్సరము తొమ్మిదవ తరగతి పిల్లలను మద్యపానము వలని కీడులను గూర్చి వ్యాసము వ్రాయుడంటిమి. ఒక బాలుడు పాఠములోని మాటలు వ్రాయక, “మా నాయన త్రాగిన మఱునాడు ఉదయమున ఆయన చేయి వణకును. కాఫీ లోటా పట్టుకొనలేడు. మా అమ్మ పట్టుకొని త్రాగించును” అని వ్రాసెను. ఆ వాక్యము క్రింద ఎఱ్ఱ సిరాతో గీత గీయబోగా గీత వంకరపోయెను. మా చేయియు వణకుచుండెను. బల్లయొద్ద నిలువబడియున్న ఆ బాలుడు గీతను జూచెను. మా ముఖమును జూచెను. ఏమియు ననక నోటుపుస్తకము తీసికొని పోయెను.

ఆ వేసవిలో దేవాలయపు ఆవరణములోని పాత బావికి పూడిక తీయించుచుండిరి. పని మానిన వృద్ధ ఉపదేశిగారొకరు గట్టున గూర్చుండి చూచుకొనుచుండిరి. లోపలివాడు తట్ట నింపి కేక వేయును. పైవారు త్రాడు లాగుదురు. మేమును ప్రక్కన నిలిచియుండగా వారు, “నాయనా, దిగినవాడెంత బలము గలవాడైనను తన తట్టను తానే పైకి లాగుకొనలేడు గదా” అనిరి. మా సంగతి తెలిసియే యనిరో, పనిని గూర్చియే యనిరో, నేటికిని మేమడుగలేదు. ఆ సాయంకాలమే వారి యింటికి పోయి యంతయు జెప్పితిమి. తొమ్మిది తేదీలను చూపితిమి. ఉద్యోగము పోవునను భయమును జెప్పితిమి. వానల మాట చెప్పినపుడు మాత్రము వారు నవ్వి, “నీవొకడవు త్రాగినందుకు జిల్లా నంతటిని ఎండగట్టునా దేవుడు? అంత గొప్పవాడవా నీవు?” అనిరి.

మఱునాడు వారు మాతో ప్రార్థించి, వైద్యుని యొద్దకు తోడుకొనిపోయిరి. బహుకాలము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమము కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చుననియు, వైద్యుని కనిపెట్టులో మానుటయే క్షేమమనియు అక్కడ తెలిసికొంటిమి. మేము పాపమని మాత్రమే తలచినదానిలో వ్యాధియు కలదు. వ్యాధి యగుట చేత మా బాధ్యత తొలగలేదు. చికిత్స పొందవలసిన బాధ్యత క్రొత్తగా చేరెను. మా భార్యతో చెప్పగా, తనకు మొదటినుండియు తెలియునని ఆమె యనెను. త్రాగు వేళ యగుసరికి ఉపదేశిగారు ప్రతిదినమును వచ్చి మా యరుగుపై గూర్చుండెడివారు. అయిదవ నెలలో మేము మరల పడితిమి. ఈసారి పదియవ తేదీ వ్రాయలేదు. ఆ రాత్రియే పోయి వారి తలుపు తట్టితిమి. అది మొదలు నేటికి 11 సంవత్సరములు.

మా బాల్యమున జరిగిన యొక గొప్ప కార్యము ఇప్పుడు మాకు బాగుగా నర్థమగుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుకొను తరగతిలో సారాను గూర్చిన పాఠము చదివి, ఇంటింట దాగియున్న దుఃఖమును వీథిలోనికి తెచ్చి, తమ ఊరి సారా అంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. చట్టము అంగడి తలుపును మూయగలదు, తెఱువగలదు. కాని ఆ స్త్రీలు ఒకరితో నొకరు నోరు విప్పి చెప్పుకొనిన నాడే వారికి బలము కలిగెను. ఆ బలము చట్టమునకు ముందు పుట్టినది.

యూదాయు పేతురును ఇరువురును తప్పిపోయిరి, ఇరువురును దుఃఖించిరి. యూదా తన పాపము నొప్పుకొనెను గూడ. కాని విన్న యాజకులు అది తమకేమి యని త్రోసివేయగా, అతడు ఒంటరిగా పోయి నశించెను. పేతురు సోదరుల నడుమ నుండెను. ప్రభువు అతనిని అక్కడనే కలిసికొనెను. కావున తలిదండ్రులారా, తోడి ఉపాధ్యాయులారా, ఎవడైన వచ్చి తన తప్పు చెప్పుకొన్నపుడు ఆ యాజకులవలె మాటలాడకుడు. త్రాడు పట్టుకొనుడు.

విద్యార్థులారా, మీ యింటిలో నెవరి చేయియైన వణకుచున్నచో, అది మీ తప్పు కాదు; నమ్మదగిన పెద్దవారితో చెప్పుడు. ఈ వ్యాసమును ప్రకటించుటకు ముందు మా ప్రధానోపాధ్యాయులవారికి చూపి వారి యనుమతి పొందితిమి. ఆనాడు మా బల్లయొద్ద నిలిచిన బాలునికి మేము చెప్పక తప్పించుకొనిన సమాధాన మిదియే.