మూడు ఆరులు

వేసవి సెలవులు వచ్చాయంటే అమ్మమ్మగారి ఇంటి వసారాలో వైకుంఠపాళి పటం పరచుకొనేవాళ్ళం. ఆరు పడినవారికి మరొక పందెం వేసే హక్కు ఉండేది. ఒకనాటి మధ్యాహ్నం మా చెల్లెలికి వరుసగా మూడుసార్లు ఆరే పడింది. ఆమె పావు నిచ్చెనెక్కి పైకి పోయింది. నాది పాము నోట పడి అట్టడుగుకు చేరింది. ఓటమిని ఓర్వలేక "నువ్వు మోసం చేశావు" అన్నాను. "లేదన్నయ్యా, అదే పడింది" అంటూ ఆమె కన్నీరు పెట్టుకుంది. ఆ తరువాత నాతో ఎన్నడూ ఆ ఆట ఆడలేదు.

కొన్నేళ్ళకు నేను పట్టణంలో కంప్యూటర్ విద్యలో చేరాను. సి భాష నేర్చుకొనే తొలినాళ్ళలో, పాచికను అనుకరించే ప్రోగ్రాం రాయమని మా మాస్టారు ఆదేశించారు. పాచిక లేదు, విసిరే చెయ్యి లేదు. ఉన్నదల్లా 'ర్యాండ్' అనే ప్రమేయం. మా ప్రయోగశాలలోని టర్బో సి లో అది 0 నుండి 32,767 వరకు ఏదో ఒక సంఖ్యను ఇచ్చేది. దానిని ఆరుతో భాగిస్తే శేషం 0 నుండి 5 లోపు ఉంటుంది. ఆ శేషానికి ఒకటి కలిపితే పాచిక ముఖం సిద్ధం! ఇంత సులభమా అని మురిసిపోయాను. పది పందేలు వేయించి, మరల నడిపి చూశాను. అవే పది సంఖ్యలు, అదే వరుసలో వచ్చాయి.

"ఇది మోసం కదండీ!" అన్నాను నిర్ఘాంతపోయి.

మాస్టారు నవ్వారు. "యంత్రానికి అదృష్టమంటే తెలియదు నాయనా, లెక్క ఒక్కటే తెలుసు. ఒక సంఖ్య నుండి మరొక సంఖ్యను సూత్రం ప్రకారం పుట్టిస్తుంది. విత్తనం మారనిదే పంట మారదు" అన్నారు.

ఆ తొలి సంఖ్యను 'సీడ్' అంటారు. గుణించి, భాగించి, శేషాన్ని గ్రహించే ఇటువంటి పద్ధతిని 1949లో అమెరికా గణితవేత్త డి. హెచ్. లెమర్ ప్రతిపాదించాడు. గడియారం చూపే కాలాన్నే విత్తనంగా ఇచ్చేసరికి నా పాచిక ప్రతిసారీ కొత్తగా దొర్లసాగింది.

ఆ సాయంత్రం 6,000 పందేలు వేయించాను. ఒక్కొక్క ముఖం ఇంచుమించు వేయిసార్లు వచ్చింది. అప్పుడు చెల్లెలు గుర్తుకు వచ్చింది. వరుసగా మూడు ఆరులు ఎన్నిచోట్ల పడ్డాయో లెక్కించమన్నాను. అటువంటి చోట్లు ఒకటి రెండు కావు, ఎన్నో కనిపించాయి. కాగితం మీద గుణించి చూసుకున్నాను. మూడు పందేలలో మూడూ ఆరులయ్యే అవకాశం 216లో ఒకటి. ఆ లెక్కన 6,000 పందేలలో సుమారు 28 చోట్ల అలా జరగడం సహజమే. చెల్లెలు మోసం చేయలేదని యంత్రం రుజువు చేయలేదు. మూడు ఆరులను చూసి మోసమనడానికి నాకు ఏ ఆధారమూ లేదని మాత్రం తేల్చింది.

మహాభారతం అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు ఒక చెట్టును చూసి దాని ఆకులు, కాయలు ఎన్నో చెబుతాడు. నలుడు ఆ మాటను ఊరకే నమ్మలేదు, ఊరకే కాదనలేదు. రథం దిగి, చెట్టును కూల్చి, లెక్కించి చూశాడు. ఆ తరువాతనే అక్షహృదయమనే పాచికల విద్యను గ్రహించాడు. నేనో, లెక్కించకుండానే నింద వేశాను.

ఆ రాత్రే చెల్లెలికి ఉత్తరం రాశాను. "ఇన్నాళ్ళకు నీ లెక్క సరిపోయిందా అన్నయ్యా? సెలవులకు రా, ఆడదాం" అని జాబు వచ్చింది.

వేసవిలో మళ్ళీ అదే వసారాలో పటం పరిచాము. ఆమెకు మొదటి పందెమే ఆరు పడింది. నా వైపు చూసింది.

"మరో పందెం నీదే, వెయ్యమ్మా" అన్నాను.