అద్దాల లంగా ఖరీదెంత?

ఆదోనికి సినిమావాళ్ళ పని మీద వెళ్ళానంటే నమ్ముతారా? హీరోయిన్ని చూడ్డానిక్కాదు లెండి... ఆమె కట్టబోయే లంగా కోసం! కాస్ట్యూమ్స్ చూసే మిత్రుడొకడు "లంబాడీ డాన్సుందిరా. పాత అద్దాల లంగా ఒకటి పట్టుకురా, ఎంతైనా ఇస్తాం" అన్నాడు. బస్సెక్కేశాను.

ఆదోని అంటే పత్తి. ఆ వ్యాపారం చూసే ఒకప్పుడు దీన్ని రెండో బొంబాయి అనేవారు. గంట దారిలో ఎమ్మిగనూరు. అక్కడ మగ్గానిదే రాజ్యం. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి పేరు తెచ్చింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. పత్తి ఇక్కడిదే, బట్టా ఇక్కడిదే. మరి అద్దం?

దాని కథ పెద్దది. ఈజిప్టువాళ్ళకు గాజు మూడున్నరవేల ఏళ్ళ కిందటే తెలుసు. 1922లో బయటపడిన టుటన్‌ఖామెన్ సమాధిలో దొరికిన బంగారు ముసుగు ఫోటో చూసే ఉంటారు. దాని మీది నీలం చారలు గాజువే! గొట్టంతో ఊదే విద్య మాత్రం క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో సిరియా, పాలస్తీనా తీరాన పుట్టి ఈజిప్టుకు పాకింది. కైరోలో ఇప్పటికీ పాత సీసాలు కరిగించి అలంకారపు బుడ్లు ఊదుతున్నారు.

మన గుజరాత్‌లోని కపడ్వంజ్‌లోనూ అదే విద్య. కరిగిన గాజును పెద్ద బుడగలా ఊది, లోపల పూత పోసి, పగలగొట్టి, ఆ పెంకుల్ని బిళ్ళలుగా కత్తిరిస్తారు. బుడగ ముక్క కదా, కాస్త వంపుంటుంది. అందుకే కట్టుకున్న మనిషి కదిలితే వెలుగు ఒక్కచోట నిలవదు!

ఆదోని దాటాక ఒక సుగాలి తండాలో అలాంటి పేటియా (లంగా) దొరికింది. కోడలు బేరానికి సిద్ధం. పిల్లాడి ఫీజు కట్టాలట. ధర కుదిరింది. నోట్లు తీస్తుంటే మూలన కూచున్న ముసలామె లంగాను ఒళ్ళోకి లాక్కుంది.

"మా యమ్మ కుట్టినాదప్పా. పగిలిన అద్దం తీసి ఇంకోటి కుడతా వస్తి. సినిమా అయినాక మళ్ళా ఇస్తారా?"

"ఇవ్వరు అవ్వా" అన్నాను. అబద్ధం నోటికి రాలేదు.

కోడలు తల దించుకుంది. ఫీజు సంగతి అబద్ధం కాదు మరి! జేబులో ఉన్న నా సొంత డబ్బు కొంత ఆమె చేతిలో పెట్టి, కొత్త జాకెట్టుకు అద్దాలు కుట్టి పంపమన్నాను. లంగా మాత్రం అక్కడే వదిలేసి వచ్చాను.

మిత్రుడు నాలుగు తిట్టి, ప్లాస్టిక్ బిళ్ళలతో పని కానిచ్చాడు. పాట హిట్టే! హాల్లో ఈలలే ఈలలు. నాకు మాత్రం తెర మీద ఆ లంగా వెలగలేదు. ఈసారి లంబాడీ డాన్సు వచ్చినప్పుడు హీరోయిన్ నడుము మీంచి చూపు కాస్త కిందికి దించి చూడండి... అద్దమో, ప్లాస్టికో మీకే తెలుస్తుంది!