నన్నెవరూ అడగలేదు

గత ఏడాది మా ఆవిడకు మూడో నెలలో అబార్షన్ అయిపోయింది. ఆ వారమంతా ఫోన్లే ఫోన్లు. అన్నీ తనకే. బొప్పాయి తిన్నావా అమ్మా, స్కూటీ ఎక్కావా, బరువులెత్తావా? లేదు, లేదు అని అందరికీ చెప్పుకుంటూ పోయింది. నైట్‌షిఫ్టులో రోజూ రెండు కూల్‌డ్రింకులు, అర్ధరాత్రి బిర్యానీ లాగించే నేను పక్కనే ఉన్నా. నన్నెవరూ ఏమీ అడగలేదు.

మళ్లీ ప్లాన్ చేసుకుందాం అనుకున్నాకా అంతే. డాక్టరమ్మ తనకు ఫోలిక్ యాసిడ్ రాసి, పేజీడు జాగ్రత్తలు చెప్పారు. నా వంతు బిల్లు కట్టడం.

ఆ రాత్రి తండ్రి వైపు సంగతులు ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నా. వీర్యకణం అంటే సగం డీఎన్ఏ మోసుకెళ్లే కొరియర్ అనే కదా మనం చదువుకున్నది! ఆ పార్సిల్‌తో పాటు చిన్న చిన్న ఆర్ఎన్ఏ ముక్కలూ వెళ్తాయట. డీఎన్ఏ వంటల పుస్తకమైతే, ఇవి పేజీల మధ్య పెట్టిన చీటీల్లాంటివి. ఇది ఎక్కువ చెయ్యి, అది తగ్గించు అని.

2014లో జ్యూరిక్‌లో ఇజబెల్ మాన్సుయ్ బృందం ఓ ప్రయోగం చేసింది. పసితనంలో పదేపదే తల్లికి దూరమై ఒత్తిడి పడ్డ మగ ఎలుకల వీర్యకణాల్లోంచి ఆర్ఎన్ఏ తీసి, మామూలు ఎలుకల ఫలదీకరణ చెందిన అండాల్లోకి ఎక్కించారు. ఆ ఒత్తిడి ఏమిటో తెలియకుండానే పుట్టిన పిల్లల్లో ప్రవర్తన, జీవక్రియ అచ్చం ఆ మగ ఎలుకల్లాగే మారాయి.

నన్ను పట్టుకుంది మాత్రం స్వీడన్ సంగతి. 2019లో లింకోపింగ్ యూనివర్సిటీ వాళ్లు 15 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు ఒక వారం మంచి తిండి పెట్టారు. రెండో వారం దానికి రోజూ బోలెడు చక్కెర కలిపారు, దాదాపు మూడున్నర లీటర్ల కూల్‌డ్రింకులో ఉండేంత. ఆ వారంలోనే వీర్యకణాల్లోని ఆర్ఎన్ఏ ముక్కల లెక్క మారిపోయింది. ఒక్క వారం! నేను ఏళ్ల తరబడి తాగుతున్నా.

మనుషుల్లో ఆ మార్పు బిడ్డ దాకా వెళ్తుందని ఇంకా రుజువు కాలేదు. మాకు జరిగినదానికి నా సీసాలే కారణమనీ అనను. తనమీది నింద తీసి నామీద వేసుకుంటే లెక్క సరిపోతుందా? కానీ ప్రశ్నలైనా ఇద్దరికీ రావాలి కదా.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. "కోడలు సరిగ్గా తింటోందిరా?"

"నేనేం తింటున్నానో అడగవేమ్మా?"

కాసేపు మాట్లాడలేదు. "సరే, ఏం తింటున్నావ్?" అంది.

దాచకుండా చెప్పా. పది నిమిషాలు తిట్లు. స్పీకర్‌లో వింటున్న మా ఆవిడ, చాన్నాళ్లకి, పగలబడి నవ్వింది.