మత్స్యగుండం నుంచి కూనవరం దాకా

గోస్తనికి తొందరెక్కువ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లో దూరి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసిపోతుంది. అక్కడికి ఎంతో దూరంలో లేని మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ మాత్రం సముద్రానికి పెడమొహం పెట్టి ఉత్తరం దారి పడుతుంది.

హుకుంపేట మండలం మఠం దగ్గర, 5,188 అడుగుల ఎండ్రిక కొండ కింద, నదికి అడ్డంగా బండరాళ్లున్నాయి. నీరంతా ఒక బిలంలోకి దూకి మాయమై, వంద గజాల అవతల పైకి తేలుతుంది. తేలినచోట ఏర్పడ్డ మడుగే మత్స్యగుండం. అందులో చిన్నాపెద్దా మహసీర్ చేపలు కిటకిటలాడేవని 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాశాడు. పెద్దవి మనిషి చేతిలో మేత తినేవట, వీపు నిమిరినా బెదిరేవి కావట. మత్స్యదేశ రాజుల వారసులమని చెప్పుకునే మాడుగుల జమీందార్లు వాటికి కాపుగా ఉండేవారు. శివరాత్రి పూజ భగత తెగ పూజారిది. చేపలకు మేత వేయడం ఆ పూజలో భాగం. ఎద్దులతో సరుకు తోలే బ్రింజారీ ఒకడు చేపను పట్టి కూర వండుకున్నాడని, చేపల రాజు శపిస్తే ఎద్దులతో సహా రాయైపోయాడని కథ. ఆ రాళ్లు ఇవేనని చూపించేవారు కూడా.

తెల్లదొరలకు ఇదే చేప మీద వేరే మోజు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాసి, గాలానికి చిక్కాక పెనుగులాడటంలో మహసీర్ సాల్మన్‌ను మించిందని వాదించాడు. నీలగిరి వాగుల్లోకి ట్రౌట్‌ను బయటి నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. మహసీర్ ఇక్కడిదే, మన బొచ్చె, శీలావతుల కుటుంబానిది.

మఠం దాటి కొంత దూరం పోయాక నది ఆంధ్ర, ఒడిశాలకు సరిహద్దవుతుంది. జలాపుట్ డ్యామ్ వెనక నిలిచి, దుడుమ దగ్గర 500 అడుగులకు పైగా కిందికి దూకుతుంది. ఆ ఎత్తును వాడుకుని రెండు రాష్ట్రాలూ కరెంటు తీస్తున్న మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. సామర్థ్యం 120 మెగావాట్లు. ప్రాజెక్టు కోసం దాదాపు 3,000 కుటుంబాలు ఊళ్లు వదిలాయి. అందులో సుమారు సగం గిరిజనులవే.

వానాకాలం వరదలో మహసీర్ ఎగువకు ఎదురీది, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఆ దారికి ఆనకట్టలు అడ్డుపడటం దేశమంతటా ఉన్నదే. ఇక్కడ సంగతి కొంచెం వేరు. గోదావరి వైపు నుంచి ఎదురీదే చేపకు డ్యామ్ కట్టకముందు నుంచే దుడుమ అడ్డుగోడ. మత్స్యగుండం చేపల వంశం జలపాతానికి ఎగువనే పెరిగి ఉండాలి. జలాపుట్ వచ్చాక వాటికి మిగిలింది ఆ పైనున్న నది, దానిలో కలిసే గెడ్డలు. అందుకే మడుగులో వల వేయకపోవడం ఒక్కటే చాలదు. గెడ్డల్లోనూ నీరు పారాలి.

దుడుమ దిగాక, బలిమెల జలాశయం దగ్గర నీళ్లు పంపకానికొస్తాయి. ఒడిశా వాటా టర్బైన్లు దాటి పొట్టేరు ఆయకట్టుకు మళ్లుతుంది. ఆంధ్ర వాటా సీలేరు పేరుతో నైరుతికి దిగి ఎగువ సీలేరు, డొంకరాయి, పొల్లూరు కేంద్రాలను నడుపుతుంది. మూడు రాష్ట్రాలు కలిసే మోటు దగ్గర సీలేరు శబరిలో కలుస్తుంది. శబరితోపాటు కూనవరం దగ్గర గోదావరిలో పడేసరికి, ఈ నీరు దారిలో నాలుగుచోట్ల ఆంధ్రకు కరెంటు ఇచ్చి ఉంటుంది.