మళ్ళీ షట్టరు ఎత్తేదాకా

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పుడు మా బావగారి బట్టల కొట్టు కూడా మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, వెనక్కి తన్నిన నీరు పాత ఊరిలోకి చొరబడింది. దసరా వెళ్ళి నాలుగు రోజులు; దీపావళికి ఇంకా పదిహేను రోజులు. పండగ కోసం అరువు మీద తెప్పించిన సరుకంతా కొట్టులోనే ఉంది.

నేను అప్పుడు ఇక్కడే, బెంగుళూరులో, బేంకు ఉద్యోగంలో ఉన్నాను. దారులు తెరుచుకోగానే బస్సెక్కి వెళ్ళాను. కొట్టులో మోకాలి లోతు బురద. చీరల కట్టలు ఉబ్బి అరల్లో ఇరుక్కుపోయాయి, లాగితే రావు. మా మేనల్లుడు ఇక్కడ ఔటర్ రింగు రోడ్డులో సాఫ్టువేరు ఉద్యోగి. "నాయనా, యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇంక కొట్టు చాలు, నువ్వూ అమ్మా మా దగ్గరికి వచ్చేయండి" అని రోజూ ఫోను. వాడనడంలో తప్పేమీ లేదు. ఊరు విడిచి వచ్చి స్థిరపడిన మనలో ఆ మాట అననివాళ్ళు ఎంతమంది?

బావగారు ఔననలేదు, కాదనలేదు. పొద్దున్నే వీధి మొగదలకు వెళ్ళి నిలబడి, ఎన్ని షట్టర్లు లేచాయో లెక్కపెట్టి వచ్చేవారు. నేనూ వెంట వెళ్ళాను. చూస్తే అందులో ఒక వరస ఉంది. అందరికన్నా ముందు టీ బండి. దానికి ఒక స్టవ్వు, కాసిని పాలు, నాలుగు గ్లాసులు చాలు; బురద ఎత్తే కూలీలే గిరాకీ. తరవాత మందుల షాపు. ఆ తరవాత కిరాణా, పాత్రల కొట్టు. ఇల్లు మునిగినవాడికి ముందు కావలసింది గిన్నే కదా! బట్టలు, బంగారం అన్నిటికన్నా చివర.

"చూడప్పా, నేనొక్కణ్ణే తెరిస్తే ఎవరొస్తారు? చీర కొనే ఆమె నాలుగు కొట్లు తిరిగితే గానీ కొనదు. నాలుగు కొట్లూ తెరవాల" అన్నారు బావగారు. పక్క కొట్టాయన ఈయన కోసం చూస్తున్నాడు, ఈయన ఆయన కోసం చూస్తున్నారు. వీధిలో అద్దెకున్నవాళ్ళలో ఇద్దరు తాళంచెవులు ఓనరు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఇలాంటప్పుడు పేపర్లలో "ధైర్యంగా మళ్ళీ నిలబడ్డారు" అని రాస్తుంటారు. ధైర్యం మాట అటుంచి, బేంకు మనిషిని గనుక నాకు కాగితాలే కనిపించాయి. సీసీ ఖాతాలో ఎంత వాడుకోవచ్చో కొట్టులో ఉన్న సరుకును బట్టి లెక్కగడతారు. సరుకు పోతే ఆ లెక్కా పోతుంది. డబ్బు అత్యవసరమైన రోజే లిమిటు కరిగిపోతుందన్నమాట. ప్రకృతి వైపరీత్యాలప్పుడు పాత అప్పుల గడువు మార్చి కొత్త అప్పు ఇవ్వవచ్చని రిజర్వు బేంకు నిబంధనలున్నాయి. ఆ సంగతి నేను చెబితేగానీ బావగారికి తెలియలేదు. ఇన్సూరెన్సుది ఇంకో కథ. అప్పటి ఫైర్ పాలసీలో తుపాను, వరద కూడా కలిసే ఉండేవి. ప్రీమియం తగ్గుతుందని వాటిని తీయించేసుకునే వీలూ ఉండేది. అదృష్టం, బావగారు తీయించలేదు. అయితే సర్వేయరు వచ్చి చూసేదాకా తడిసిన సరుకు కదపకూడదు. కదపకపోతే కొట్టు కడగలేం. కడగకపోతే తెరవలేం. ఆరు రోజులు ఆ కంపులోనే కూర్చున్నారు.

ప్రభుత్వ సాయమంటారా, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మునిగిన చిన్న దుకాణాలకు 25 వేలు ప్రకటించారు. మంచిదే. షట్టరు, కాటా బాగు చేయించుకోవడానికి పనికొస్తుంది. అరలు నింపదు. అరలు నింపేది హోల్‌సేలు వ్యాపారి.

బావగారి హోల్‌సేలు వ్యాపారి మన చిక్‌పేటలో ఉన్నాడు. అతనికి 2 లక్షల 70 వేల చిల్లర బాకీ. ఖాతా పుస్తకాలేమో బురదలో ముద్దయ్యాయి. నన్ను వెళ్ళి మాట్లాడమన్నారు. "ఎంతని ఆయన చెబితే అంతే, బేరమాడొద్దు" అన్నారు. ఆ సేఠ్ నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, తన పుస్తకం తీసి చూపించాడు. బావగారు నోటిలెక్కగా చెప్పినదానికన్నా 1,200 రూపాయలు తక్కువే ఉంది! "పాతది సంక్రాంతి తరవాత చూద్దాం. దీపావళికి ఎంత సరుకు పంపమంటారు?" అన్నాడు. అది దయ అనుకోను. కర్నూలులో కొట్టు మూతపడితే అతని పాత డబ్బు ఎలాగూ రాదు, తెరిస్తే వస్తుంది. అయినా ఆ లెక్క వేసుకుని, కాగితం ముక్క రాయించుకోకుండా ఇంకో లక్ష సరుకు లారీ ఎక్కించాడంటే, దాని వెనక ఇరవై రెండేళ్ళ పరిచయం ఉంది.

దీపావళికి మూడు రోజుల ముందు బావగారు షట్టరు ఎత్తారు. సగం అరలు ఖాళీ. సర్వేయరు చూసి వెళ్ళిన చీరల్లో పనికొచ్చేవి ఉతికించి, ఆరబెట్టి, బయట బల్ల మీద కుప్పపోసి చవగ్గా అమ్మారు. అవే ముందు అయిపోయాయి. మా మేనల్లుడు నెల రోజులు తండ్రితో మాట్లాడలేదు.

2022 సెప్టెంబరులో నీళ్ళు మన బెంగుళూరుకే వచ్చాయి. నాలుగో తేదీ రాత్రి వానకు బెళ్ళందూరు, యమలూరు వైపు రోడ్లు చెరువులయ్యాయి. ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళడం దేశమంతా చూసింది. అంతకుముందు ఆగస్టు 30 నాటి వానకూ ట్రాఫిక్కుకూ ఒక్కరోజులో 225 కోట్లు నష్టపోయామని ఔటర్ రింగు రోడ్డు కంపెనీల సంఘం ముఖ్యమంత్రికి ఉత్తరం రాసింది. మా మేనల్లుడి ఆఫీసు ఒక్క ఈ-మెయిలుతో ఇళ్ళకు మారిపోయింది. మూసినట్టూ కాదు, తెరిచినట్టూ కాదు. గేటు ఎదుట టీ బండి పెట్టుకున్న చిత్తూరు జిల్లా కుర్రాడికి ఆ సౌకర్యం ఎక్కడిది? నీళ్ళు తీసేశాక కూడా అతని గిరాకీ అంతా ఇళ్ళల్లోనే కూర్చుంది.

కంటి ఆపరేషనుకు వచ్చి బావగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. మేనల్లుడు ఆ బండి సంగతి చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే: "పాలాయన అప్పిస్తున్నాడా?" మాకెవరికీ తెలియదు. మర్నాడు మేనల్లుడే ఫోను చేసి కనుక్కున్నాడు. ఇస్తున్నాడట, రోజుకు అయిదు లీటర్లకు మించకుండా. బండి తెరిచిన మొదటి రోజు ఇరవై టీలు అమ్ముడయ్యాయట. గేటు కాపలావాళ్ళూ, మోటారు పెట్టి బేస్‌మెంటు నీళ్ళు తోడేవాళ్ళూ తాగారు.