రెండోది దేని మీద నడుస్తోంది?



2019 అక్టోబరు 6న మన జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ పొలాల్లో సెస్నా 172 శిక్షణ విమానం కూలి, పైలట్ శిక్షణలో ఉన్న ఇద్దరు యౌవనస్థులు చనిపోయారు. ఆ కుటుంబాలను ప్రార్థనలో మరువకండి.

ఆ ప్రమాద కారణం గూర్చి కాదు, చిన్న విమానాల గూర్చి ఒక మాట. మబ్బులో చిక్కిన పైలట్‌కు నేల కనిపించదు. విమానం ఒరుగుతున్నా, తిన్నగానే పోతున్నానని శరీరం నమ్మిస్తుంది. అప్పుడు ఆధారం పరికరాలే. పాత సెస్నాల్లో ఒరుగును చూపేదీ, దిక్కును చూపేదీ సాధారణంగా ఒకే వాక్యూమ్ పంపు మీద నడుస్తాయి. పంపు చెడితే అవి వెంటనే ఆగవు. మెల్లగా అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. అందుకే మలుపు చూపే పరికరాన్ని కరెంటుతో నడుపుతారు. ఇప్పుడు సొంత బ్యాటరీ ఉన్న ఎలక్ట్రానిక్ పరికరాన్నీ అమర్చుకుంటున్నారు.

తాండూరు బండల పాలిషింగ్ యూనిట్లవారికి ఇది తెలుసు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు మోటార్లుంటే, కరెంటు పోయినప్పుడు రెండోది ఆదుకోదు. జనరేటరే ఆదుకుంటుంది.

మన బ్రతుకుల్లోనూ చూడండి. సలహా చెప్పేవాళ్లు ఇద్దరున్నారని ధైర్యపడతాం. ఆ ఇద్దరూ మన మాటే మనకు తిరిగి చెబితే, ఒక్కరూ లేనట్టే. నువ్వు ఒరుగుతున్నావని మీ ముఖం మీద చెప్పే మనిషి ఎవరు? ఈ వారం వారింటికి వెళ్లి కూర్చోండి.

ప్రభువు మీకు తోడైయుండును గాక.